రేపటి కోసం దాచుకుంటే విశ్వాసం తక్కువైనట్టా?

నర్సాపురం దగ్గర ఊరి నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. భర్తకు 38 ఏళ్లు, సొంత ఆటో. గ్యాస్, రిపేర్లు పోగా నెలకు 17 వేల దాకా మిగులుతుంది. లేసు అల్లి ఈమె మరో 2,500 తెస్తారు. ఏడేళ్ల పాప ఉంది. రెండేళ్ల కిందట ఆపరేషన్ కోసం గొలుసు ఫైనాన్స్‌లో పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చారు. అప్పటి నుంచి వడ్డీయే కడుతున్నారు. "పోస్టాఫీసులో కడదాం, ఇన్సూరెన్స్ చేద్దాం అంటే, 'రేపటినిగూర్చి చింతింపకుడి అని ప్రభువే చెప్పాడు, పక్షులు కొట్లలో కూర్చుకుంటున్నాయా?' అంటారు మావారు. ఆయనకు తెలియకుండా బియ్యం డబ్బాలో నెలకు 1,500 వేస్తున్నాను. 11 వేలయ్యాయి. ఇది పాపమా?"

చెల్లెమ్మా, దాచడం పాపం కాదు. ఆయనకు చెప్పకుండా దాచడం మాత్రం మీ మనసును తినేస్తోందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

నేనూ విశ్వాసినే, కాబట్టి ముందు వాక్యం దగ్గరికే వెళ్దాం. నిర్గమకాండము 16వ అధ్యాయం మీవారితో కలిసి చదవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు పంపిన ఆహారం, మన్నా, రోజూ కురిసేది, మనిషికో ఓమెరు (అప్పటి కొలత). తెల్లవారేదాకా ఉంచుకోవద్దని మోషే చెప్పాడు. కొందరు వినలేదు. రేపు కురుస్తుందో లేదోనని దాచారు, అది పురుగుపట్టి కంపుకొట్టింది. ఇక్కడిదాకా మీవారి మాటే. అయితే ఆరో రోజు సంగతి చూడండి. మరునాడు విశ్రాంతి దినం, మన్నా కురవదు. అందుకని రెండంతలు కూర్చుకుని తెల్లవారేదాకా ఉంచమన్నాడు దేవుడు. అదే మన్నా, అవే గిన్నెలు. ఈసారి పురుగు పట్టలేదు. భయంతో దాచింది పాడైంది, కురవని రోజు కోసం చెప్పినట్టు దాచింది నిలిచింది. ఆటో నడిపే ఇంట్లో కురవని రోజులు ఎన్ని ఉంటాయో మీవారికి నేను చెప్పక్కర్లేదు. తుపాను వస్తే బండి తియ్యలేరు, జ్వరం వస్తే తియ్యలేరు, ఇంజన్ పని పడితే వారం ఇంట్లోనే.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న ప్రార్థన నెల జీతగాళ్లకంటే మీ ఇంట్లోనే అక్షరాలా జరుగుతోంది. ఏ రోజు సంపాదన ఆ రోజే చేతికొస్తుంది. ఆ నమ్మకాన్ని వదులుకోమని నేను ఎప్పటికీ చెప్పను.

మీ సంఘంలో జార్జ్ ముల్లర్ సాక్ష్యం చెబుతుంటారని రాశారు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి మీ గోదావరి డెల్టాలో సేవ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ మిషనరీ దంపతులను వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ఈ ముల్లర్ బావమరిదే. ముల్లర్ ఏ మనిషినీ డబ్బు అడగకుండా, ప్రార్థన మీదే బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పోషించాడు. ఆ సాక్ష్యంలో మనం తరచూ వదిలేసే భాగం ఒకటుంది. వచ్చిన ప్రతి కానుకకూ, ఖర్చుకూ లెక్క రాసి ఏటా అచ్చువేసేవాడు. అప్పు చేయకూడదన్నది ఆయన నియమం. ఆయన విశ్వాసం పక్కనే లెక్కల పుస్తకం ఉండేది.

మీ ఇంట్లో రేపటి చింత తెచ్చేది దాచిన డబ్బు కాదు, ఆ వడ్డీ. నెలకు 1,200 చొప్పున రెండేళ్లలో 28,800 కట్టారు, అసలులో రూపాయి తగ్గలేదు. బంగారం మీద బ్యాంకులో సాధారణంగా నూటికి రూపాయి లోపే పడుతుంది. ఫైనాన్స్‌లో అప్పు తీర్చి గొలుసును తమ దగ్గరకు మార్చుకునే బ్యాంకులూ ఉన్నాయి. మీ ఖాతా ఉన్న బ్రాంచిలో అడగండి, మధ్యమధ్యలో అసలు కట్టుకోనిస్తారా అనేది కూడా తప్పక అడగండి. ముప్పావలా వడ్డీకి దొరికితే, ఇప్పుడు కట్టే 1,200కు మీరు దాచేదాంట్లోంచి వెయ్యి కలిపి నెలనెలా 2,200 కట్టండి. రెండున్నరేళ్లలో గొలుసు ఇంటికొస్తుంది. ఎలీషా ప్రవక్త అప్పుల్లో ఉన్న ఒక విధవరాలికి నూనె సమృద్ధిగా ఇప్పించాక చెప్పిన మొదటి మాట కూడా అదే కదా: అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి.

11 వేలు ముట్టుకోకండి. బ్యాంకు ఖాతాలో వేసి, బండి ఆగిన రోజులకే వాడండి. మిగిలే 500 పాప పేరు మీద సుకన్య సమృద్ధిలో వేయండి. పదేళ్లు నిండని ఆడపిల్లకు తెరవచ్చు, ఏడాదికి కనీసం 250 కడితే చాలు.

ఇన్సూరెన్స్ అంటే చావును కోరుకోవడమని మీవారికి అనిపిస్తోందేమో. ఇంటివారిని పోషించనివాడి గురించి 1 తిమోతి 5:8లో పౌలు ఎంత గట్టిగా రాశాడో చూపించండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏడాదికి 436, సురక్షా బీమాకు 20 రూపాయలు. నెలకు నలభై కూడా పడదు. జీవన్ జ్యోతిలో ఆయన ఏ కారణంతో పోయినా మీకు 2 లక్షలు వస్తాయి (చేరిన మొదటి నెలలో మాత్రం ప్రమాద మరణానికే), ప్రమాదమైతే సురక్షా కింద మరో 2 లక్షలు. మే నెలాఖరులో ఖాతాలోంచి డబ్బు కోసుకుంటారు, అప్పటికి బ్యాలెన్స్ ఉంచండి.

దశమభాగం మానమని నేను చెప్పను, అది మీకూ ప్రభువుకూ మధ్య సంగతి. కానీ జనవరిలో కృతజ్ఞత అర్పణ కోసం చేబదులు తెచ్చారని రాశారు. అది వద్దమ్మా. శక్తికి మించి కాదు, కలిమి కొలదే ఇవ్వమన్నది కొరింథీయులకు రాసిన మాట. వారంలో వచ్చినదాంట్లోంచి వారానికే తీసి పక్కన పెట్టండి, నెలాఖరున టెన్షన్ ఉండదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక ఆ డబ్బా తెచ్చి మీవారి ముందు పెట్టండి. ఎందుకు దాచారో చెప్పండి, చెప్పనందుకు క్షమించమనండి. తర్వాత ఇద్దరూ కలిసి ఫైనాన్స్ రసీదు తీసి, గడువు తేదీ ఎప్పుడో చూడండి.