మెల్లగా పరిగెత్తినా వాచీలో 170 ఎందుకు చూపిస్తుంది?

మీ ప్రశ్న సంగ్రహంగా ఇది. వయసు 38. విశాఖ బీచ్ రోడ్డు మీద ఉదయం పరుగు. ఈ ఏడాది చివర్లో 10కె (10 కిలోమీటర్ల పరుగు) చేయాలని ఉంది. కొత్తగా జీపీఎస్ వాచీ కొన్నారు. పక్కన ఉన్నవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా వెళ్తున్నా అది హార్ట్ రేట్ 170 చూపించి జోన్ 5 (గుండె వేగాన్ని వాచీ విడగొట్టే ఐదు మెట్లలో అన్నిటికంటే పైది) అని గోల పెడుతోంది. వాచీ పాడైందా, గుండెకేమైనా అయిందా, గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ కొనాలా అని అడిగారు.

మీరు పెట్టిన గ్రాఫులోనే జవాబు ఉందండీ. మొదటి 14 నిమిషాలు గీత 168–172 మధ్య బల్లపరుపుగా సాగింది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర షూ లేసు కట్టుకోవడానికి ఆగారు. మళ్లీ బయల్దేరాక అదే పేస్‌లో (కిలోమీటరుకు పట్టే సమయం) 141. ఆగకముందు, ఆగాక ఊపిరిలో తేడా ఏమీ లేదని మీరే రాశారు. ఇప్పుడు యాప్‌లో హార్ట్ రేట్ గీత మీద కేడెన్స్ (నిమిషానికి వేసే అడుగుల సంఖ్య) గీత పెట్టి చూడండి. మీ కేడెన్స్ నిమిషానికి 170 అడుగులు. ఆ 14 నిమిషాలూ వాచీ లెక్కపెట్టింది మీ అడుగుల్ని. గుండె అప్పుడు కూడా 140 చుట్టుపక్కలే కొట్టుకుని ఉంటుంది. దీన్నే కేడెన్స్ లాక్ అంటారు.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే సరిచేసుకోవడం తేలిక. వాచీ అడుగున ఉన్న పచ్చ లైటు చర్మంలోకి వెలుగు పంపుతుంది. రక్తం ఆ పచ్చ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా వెనక్కి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తేడా చాలా చిన్నది. పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ చెయ్యి అదురుతుంది, చర్మం కింద రక్తం కదులుతుంది, వాచీ కూడా వెంట్రుకవాసి జరుగుతుంది. ఈ అదురు వల్ల వెలుగులో వచ్చే మార్పు చాలాసార్లు నాడి కంటే పెద్దది. కదలికను పసిగట్టే సెన్సర్ సాయంతో వాచీ దాన్ని తీసేయాలని చూస్తుంది. బెల్టు వదులుగా ఉన్నా, ఒళ్లు ఇంకా వేడెక్కక మణికట్టులో రక్తప్రసరణ తక్కువగా ఉన్నా నాడి దొరకదు, అడుగుల లయ దొరుకుతుంది. ఒకసారి దాన్ని పట్టుకుంటే వదలదు. మీరు ఆగగానే లయ తెగింది, వాచీ మళ్లీ వెతుక్కుంది, ఈసారి అసలు నాడి చిక్కింది. అందుకే రేపటి నుంచి అనుమానం వస్తే 30 సెకన్లు నడవండి. అంకె అమాంతం 30 పడిపోయి, మళ్లీ పరుగు అందుకున్నాక కూడా పైకి లేవకపోతే అది లాక్ అన్నట్టే.

వేలితో కూడా సరిచూసుకోవచ్చు. ఆగిన వెంటనే మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. నిమిషమంతా లెక్కపెట్టొద్దు, ఆగాక గుండె వేగం చాలా త్వరగా దిగిపోతుంది. వేలి కింద కూడా 170 వస్తుంటే, లేదా ఛాతీలో నొప్పి, బిగపట్టినట్టు ఉండటం, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం లాంటివి ఏవి ఉన్నా పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ విషయంలో వాచీ చెప్పేదాని కోసం ఎదురుచూడకూడదు.

ఇక బెల్టు. చాలామంది వాచీని మణికట్టు ఎముక మీదే పెడతారు. అక్కడ ఎముకకూ సెన్సర్‌కూ మధ్య సందు మిగులుతుంది, వెలుగు బయటికి పోతుంది. ఎముక నుంచి మోచేతి వైపు రెండు వేళ్ల వెడల్పు జరపండి. పరుగుకు ముందు ఒక రంధ్రం బిగించండి. వాచీని పట్టుకుని కదిపితే దాంతోపాటు చర్మం కదలాలి, వాచీ చర్మం మీద జారకూడదు. వేళ్లు తిమ్మిరెక్కేంత బిగిస్తే రక్తం ఆగి రీడింగ్ ఇంకా పాడవుతుంది. పరుగు అయ్యాక వదులు చేసి, చెమట కడిగి, తుడిచి పెట్టుకోండి. లేకపోతే బెల్టు కింద దద్దుర్లు వస్తాయి, ఛార్జింగ్ పిన్నులకు ఉప్పు పట్టి తుప్పు మొదలవుతుంది. సముద్రపు గాలిలో పరిగెత్తే మీకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

మన దగ్గర వచ్చే చిక్కుల్లో కొన్ని వాచీ కంపెనీ మాన్యువల్లో ఉండవు. చేతికి కట్టుకున్న కాశీదారం సెన్సర్ కింద ఇరుక్కుంటే ఒక పక్క సందు ఏర్పడుతుంది. గాజులు వాచీని ప్రతి అడుగుకూ నెడతాయి. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ సెన్సర్ అద్దం మీద పొరలా పేరుకుంటాయి. మణికట్టు మీద నల్లటి పచ్చబొట్టు ఉంటే ఆ సిరా వెలుగును మింగేస్తుంది, వాచీని రెండో చేతికి మార్చండి. ఇవన్నీ సరిచేసి, మొదటి 8–10 నిమిషాలు చురుగ్గా నడిచి ఒళ్లు వేడెక్కాక పరుగు మొదలుపెడితే మీ 170 సమస్య చాలావరకు తీరిపోతుంది.

ఛాతీ పట్టీ కొనాలా? మీరు వారానికి నాలుగు రోజులు మెల్లటి పరుగే చేస్తుంటే వెంటనే అక్కర్లేదు. వేగం మార్చి మార్చి పరిగెత్తే ఇంటర్వెల్స్ చేస్తుంటే, హార్ట్ రేట్ చూసి శిక్షణ చేద్దామనుకుంటే మాత్రం కొనండి, ఆ డబ్బు వృథా కాదు. అది వెలుగుతో పనిచేయదు, గుండె పుట్టించే విద్యుత్తును నేరుగా పట్టుకుంటుంది. కానీ అది కూడా పొడిగా పెట్టుకుంటే పిచ్చి అంకెలే చూపిస్తుంది. లోపలివైపు ఉన్న రెండు రబ్బరు పలకలనీ నీళ్లతో తడపాలి. ఛాతీ కండరాల కింద, పక్కటెముకల మీద గట్టిగా కూర్చునేలా కట్టాలి. చెమట పట్టకముందు 220 అని ఎగరడానికి కారణం తడి లేకపోవడమే, లేదా గాలికి రెపరెపలాడే పాలిస్టర్ టీషర్టు పుట్టించే స్టాటిక్. పరుగు కాగానే ముందున్న మాడ్యూల్‌ను పట్టీ నుంచి ఊడదీయండి. తడి పట్టీకి తగిలించి ఉంచితే అది ఇంకా ఒంటి మీదే ఉన్నాననుకుని బ్యాటరీ తింటూ ఉంటుంది. మోడల్‌ను బట్టి లోపల సీఆర్2032 గానీ సీఆర్2025 గానీ ఉంటుంది, వెనక మూత తీసి చూసి అదే నంబరు కొనండి, రెండూ మందంలో వేరు. పట్టీని మంచినీళ్లలో జాడించి నీడన ఆరేయండి, మెలితిప్పి పిండితే లోపలి తీగలు తెగుతాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. సెన్సర్ సరిగ్గా పనిచేసినా, వాచీ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న జోన్లు మీవి కావు. కొత్తగా పరుగు మొదలుపెట్టిన మనిషిని విసుగెత్తించి మాన్పించేది ఇదేనని నా గట్టి నమ్మకం. చాలా వాచీలు 220 నుంచి వయసు తీసేసి, అదే మీ గరిష్ఠ హార్ట్ రేట్ అనుకుంటాయి. మీకు 182. 2001లో వచ్చిన తనాకా సూత్రం 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేయమంటుంది, దాని ప్రకారం మీకు 181. ఒక్క అంకె తేడా చూసి అయితే సరిపోయింది అనుకోవద్దు. ఈ సూత్రాలు గుంపు సగటును చెబుతాయి. అదే 38 ఏళ్ల ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకరి గరిష్ఠం 170, ఇంకొకరిది 195 ఉండొచ్చు, ఇద్దరూ పూర్తి ఆరోగ్యంగానే ఉండొచ్చు.

182 తీసుకుని వాచీ 60 నుంచి 70 శాతాన్ని జోన్ 2 చేస్తుంది. అంటే 109 నుంచి 127. ఆరునెలల అనుభవం కూడా లేని మనిషి 127 దాటకుండా పరిగెత్తడం దాదాపు జరగని పని. మెల్లటి పరుగుకే 140 వస్తుంది, వాచీ జోన్ 3 అంటుంది, ఇంకాస్త ఎండెక్కితే జోన్ 4 అంటుంది. ఆయన భయపడి నడక మొదలుపెడతారు. జోన్ 2లోనే ఉండాలి అని ఎక్కడో విని ఉంటారు కాబట్టి మూడు నెలలు నడుస్తూనే ఉంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంకొకరు 125తో పరిగెత్తిన స్క్రీన్‌షాట్ పెడితే ఈయన తన గుండె బలహీనమని తేల్చేసుకుంటారు. ఇద్దరు మనుషుల హార్ట్ రేట్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడం చెప్పుల సైజులు పోల్చుకున్నట్టే. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకైతే మందే గుండె వేగాన్ని అణచిపెడుతుంది. వాళ్లు ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, మాట తడబడకుండా మాట్లాడగలుగుతున్నామా అన్నదే చూసుకోవాలి.

మీ జోన్లు మీరే కొలుచుకోండి. కనీసం ఆరు వారాలు క్రమంగా పరిగెత్తి, ఒంట్లో నలతేమీ లేని రోజు, చల్లటి ఉదయం, చదునైన దారి ఎంచుకోండి. 15 నిమిషాలు వార్మప్. తర్వాత 30 నిమిషాలు ఒంటరిగా, చివరిదాకా నిలబెట్టుకోగల గరిష్ఠ వేగంతో పరిగెత్తాలి. మొదలయ్యాక 10 నిమిషాలకు ల్యాప్ బటన్ నొక్కండి, అక్కడి నుంచి వాచీ విడిగా కొత్త లెక్క మొదలుపెడుతుంది. చివరి 20 నిమిషాల ల్యాప్ సగటు హార్ట్ రేట్ మీ థ్రెషోల్డ్ (వాచీలో లాక్టేట్ థ్రెషోల్డ్ అని ఉంటుంది), అంటే మీరు ఎక్కువసేపు నిలబెట్టుకోగల శ్రమకు పై హద్దు. ఇందులో అందరూ చేసే తప్పు మొదటి 5 నిమిషాలు దూసుకుపోయి చివర్లో కూలబడటం. అలా అయితే ఆ అంకె పనికిరాదు, వారం ఆగి మళ్లీ చేయాలి. దీనికి ఛాతీ పట్టీ ఎవరి దగ్గరన్నా ఒక్కరోజు అడిగి తెచ్చుకున్నా మంచిదే.

మీకు 168 వచ్చిందనుకుందాం. దాన్లో 85 నుంచి 89 శాతం, అంటే 143–150 జోన్ 2. 95 నుంచి 99 శాతం, అంటే 160–166 జోన్ 4. వాచీ సెట్టింగ్స్‌లో హార్ట్ రేట్ జోన్లు దేని ఆధారంగా అన్నచోట గరిష్ఠం శాతం తీసేసి లాక్టేట్ థ్రెషోల్డ్ శాతం ఎంచుకుని ఈ అంకెలు వేయండి. గ్రాఫులో కనిపించిన మీ 141 ఈ లెక్కన జోన్ 1, అంటే మీరు నిక్షేపంగా ఈజీ పరుగే చేస్తున్నారు. ఫ్యాక్టరీ లెక్కలో మాత్రం అది జోన్ 3.

మే నెలలో ఈ అంకెలు మళ్లీ మిమ్మల్ని కలవరపెడతాయి. ఉక్కపోతలో అదే పేస్‌కి 10–15 ఎక్కువ కొట్టుకోవడం సహజం. చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ గుండె నెట్టే రక్తం తగ్గుతుంది కాబట్టి అది ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. గంట పరుగులో పేస్ మారకపోయినా రెండో సగంలో గీత మెల్లగా పైకి పాకేది అందుకే. ఆ నెలల్లో హార్ట్ రేట్‌ను పట్టుకోండి, పేస్‌ను వదిలేయండి. 200 మీటర్ల ఇంటర్వెల్స్‌లో మాత్రం దీన్ని పూర్తిగా తిరగేయాలి. గుండె వేగం పైకి చేరేలోపు ఆ పరుగు అయిపోతుంది, అక్కడ గడియారం చూడాలి.

జీపీఎస్ సంగతి కొంచెం. రన్ మోడ్ తెరిచి, ఆకాశం కనబడే చోట నిలబడి, సిగ్నల్ దొరికిందని చెప్పాక కూడా ఇంకో నిమిషం ఆగి స్టార్ట్ నొక్కండి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు ఒకసారి పూర్తిగా పంపడానికే 30 సెకన్లు పడుతుంది. ముందురోజు రాత్రి ఫోన్‌తో సింక్ చేస్తే ఆ వివరాలు ముందే వాచీలోకి వస్తాయి, సిగ్నల్ సెకన్లలో దొరుకుతుంది. బీచ్ రోడ్డులో ఒక పక్క సముద్రం కాబట్టి మీకు పెద్ద బాధ లేదు. హైదరాబాద్‌లో మెట్రో వంతెన కింద పరిగెత్తేవాళ్లకు గీత రోడ్డు దాటి అపార్ట్‌మెంట్ల మీద నడుస్తుంది, వాళ్లు ఎల్1తోపాటు ఎల్5 అనే రెండో ఉపగ్రహ సిగ్నల్‌ను కూడా అందుకునే డ్యూయల్ బ్యాండ్ వాచీ తీసుకోవాలి. రికార్డింగ్‌ను ప్రతి సెకనుకూ అని మార్చండి. తెర మీద అప్పటికప్పటి పేస్ తీసేసి ల్యాప్ పేస్ పెట్టండి, మొదటిది ఊరికే ఎగిరెగిరి పడుతుంది. ఇంకోమాట, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్లో పరిగెత్తుతున్నారు. యాప్‌లో మ్యాప్‌ను అందరికీ కనబడకుండా పెట్టి, ఇంటి చుట్టూ ప్రైవసీ జోన్ వేయండి. 2018 జనవరిలో స్ట్రావా అనే యాప్ అందరి దారులనూ కలిపి చూపించిన హీట్ మ్యాప్‌లో సైనిక స్థావరాల పరుగు దారులే బయటపడ్డాయి.

10కె రోజున ఆటో ల్యాప్ ఆపేసి, కిలోమీటరు బోర్డు దగ్గర మీరే ల్యాప్ నొక్కండి. సరిగ్గా కొలిచిన దారిని మలుపుల్లో అతి దగ్గరి గీత వెంబడి కొలుస్తారు, దానికి కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. జనాన్ని తప్పించుకుంటూ మీరు అంతకంటే ఎక్కువే పరిగెత్తుతారు. పైన జీపీఎస్ తేడా ఉండనే ఉంటుంది. ముగింపు గీత దగ్గర వాచీలో 10.15 కనిపిస్తే దారి తప్పు కొలిచారని నిర్వాహకులతో గొడవపడకండి. గంటలో పూర్తి చేయాలంటే వాచీలో సగటు పేస్ కిలోమీటరుకు 6:00 చాలదు, 5:54 ఉండాలి.