కడుపులో బిడ్డకు ప్రాణవాయువు చాలకపోతే...

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. బీపీ ఎక్కువగా ఉంది. మాయ నుంచి బిడ్డకు రక్తం సరిగా అందడం లేదని, ఎదుగుదల తగ్గిందని స్కానింగ్‌లో తేలింది. ప్రాణవాయువు చాలక బిడ్డ మెదడు దెబ్బతింటుందేమోనని నిద్ర పట్టడం లేదు. నేను సరిగా తినకపోవడం వల్లే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తుని

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి. బీపీతో పాటు మాయ పనితీరు తగ్గడానికి మీ తిండిని తప్పుపట్టడం అన్యాయం. ఇలాంటి గర్భిణుల్లో చాలామందికి మాయకు రక్తం తెచ్చే నాళాలు గర్భం తొలి సగంలోనే తగినంత వెడల్పు కాకుండా ఉండిపోతాయి. అది మీ చేతిలో లేదు. ఈ నాలుగు మాటలూ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

ఇక మెదడు. కడుపులో బిడ్డ ఎప్పుడూ తక్కువ ప్రాణవాయువుతోనే పెరుగుతుంది. మన ధమనుల్లో దాని పీడనం 95 మి.మీ. దాకా ఉంటే, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు అందే రక్తంలో సుమారు 30 మాత్రమే. బిడ్డ హిమోగ్లోబిన్ మనదానికంటే గట్టిగా ప్రాణవాయువును పట్టుకుంటుంది కనుక అది సరిపోతుంది. కొరత ఇంకా పెరిగితే, పేగులకు, కాళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించి మెదడుకు, గుండెకు మళ్లించుకుంటుంది. ఇలాంటి బిడ్డల్లో పొట్ట చిన్నదైనా తల కొలత చాలాసార్లు బాగానే ఉండేది అందుకే. మీ రిపోర్టులో ఆ రెండు అంకెలూ చూపించి డాక్టరును అడగండి.

ఈ రక్షణకూ హద్దుంది. మెదడులో నాడీ తంతువులకు మైలిన్ అనే కొవ్వు పొర చుట్టే కణాలు 24 నుంచి 32 వారాల మధ్య మరీ లేతగా ఉంటాయి. కొరత తీవ్రంగా, ఎక్కువకాలం సాగితే అవి ఎదగక, కొందరు పిల్లల్లో తర్వాత నడకో, ఏకాగ్రతో, చదువో వెనకబడవచ్చు. అందరికీ అలా జరగదు. ఎవరికి జరుగుతుందో ఏ స్కానింగూ ముందుగా చెప్పలేదు.

డాప్లర్ పరీక్ష (రక్తనాళాల్లో రక్త ప్రవాహాన్ని చూసే స్కానింగ్) ఏ రోజు చేయించమంటే ఆ రోజే చేయించుకోండి. కాన్పు ఎప్పుడు చేయాలో డాక్టరు నిర్ణయించేది ముఖ్యంగా దాన్నిబట్టే. ముందే చేయాల్సి వస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, భయపడకండి. కదలికలు తగ్గినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగొద్దు.

పుట్టాక ప్రతి టీకాకు వెళ్లినప్పుడూ తల చుట్టుకొలత రాయించండి. మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమైతే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో పరీక్ష, ఫిజియోథెరపీ ఉచితం. ‘చూద్దాంలే’ అని ఏడాది గడపకండి.