ఇల్లు తీసుకునే ముందే తేల్చుకోవాల్సినవి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

తాగుడు, మత్తు మానిన ఆడవాళ్లు కలిసి ఉండేందుకు విశాఖలో మద్దిలపాలెం వైపు ఇల్లు చూస్తున్నావట. ఇంటి సంగతి చిన్నది. ఆరుగురి నుంచి ఎనిమిది మంది, గదికి ఇద్దరు, రెండు బాత్‌రూములు. వీధి మలుపులో వైన్ షాపు ఉంటే ఎంత చవకైనా వదిలెయ్. ఎవరికీ ఒంటరి గది ఇవ్వకు. తలుపేసుకుని తాగిన అలవాటు అంత తొందరగా పోదు.

గట్టిగా ఉండాల్సింది చేర్చుకునే దగ్గర. నిన్న తాగిన మనిషిని ఇవాళ చేర్చుకోవద్దు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఒణుకు, జ్వరం, లేనివి కనబడటం మొదలైతే ప్రాణాల మీదికొస్తుంది. నిద్రమాత్రలైతే ఇంకా మెల్లగా, డాక్టరే తగ్గించాలి. ముందు చినవాల్తేరు మానసిక వైద్యశాలకో, కేజీహెచ్ పెద్దాసుపత్రికో పంపు. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ చూశాకే మంచం చూపించు.

చేరిన రోజే మూత్ర పరీక్ష చేయించి పుస్తకంలో రాయి. రోజూ గంజాయి తాగినవాళ్లకు మానేసిన నెల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. మొదటి రోజు లెక్క లేకపోతే మూడో వారంలో అనవసరంగా నింద వేస్తారు. మద్యానికి ఊదించే మిషను చాలు, కానీ నోరు పుక్కిలించాక 15 నిమిషాలు ఆగి ఊదించాలి. డైసల్ఫిరామ్ అని తాగుడు మానడానికి ఇచ్చే మాత్ర ఉంది, దాని మీద చుక్క మద్యం పడినా ఒంటికి పడదు. అది వేసుకునేవాళ్లుంటే ఆల్కహాల్ కలిసిన దగ్గుమందు, మౌత్‌వాష్ ఇంట్లోకే రానివ్వకు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ప్రమాదమే.

అమెరికాలో 1975లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతిలో అద్దె, కరెంటు బిల్లు ఉన్నవాళ్లే పంచుకుంటారు. కొత్త మనిషిని తీసుకోవాలంటే నూటికి 80 మంది ఒప్పుకోవాలి. మళ్లీ తాగితే వెళ్లిపోవాలి. మొదటి రెండూ అలాగే పెట్టుకో. మూడోది మాత్రం మన దగ్గర అలా నడవదు. రాత్రి పదింటికి ఆడమనిషిని రోడ్డు మీదికి పంపుతామా? వెళ్లాల్సిందే, కానీ ఎక్కడికి అన్నది చేరిన రోజే ఆమె చేతే రాయించు: ఆసుపత్రా, అక్క ఇల్లా, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఆశ్రయమా అని. ఎన్నాళ్లకు తిరిగి రావచ్చో కూడా రాయండి. ఆ కాగితం లేకపోతే జాలిపడి దాచేస్తారు, దాంతో మిగతావాళ్లూ జారతారు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, మత్తు ఇంజెక్షన్లు మానినవాళ్లకు ఇంకోటి విడిగా చెప్పు: నెలల తర్వాత పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

కొత్తగా చేరినవాళ్లకు పని దొరికేదాకా వాళ్ల అద్దె వాటా చుట్టుపక్కల కాలనీవాళ్లు భరించాలి. మూడు నెలల అద్దె చేతిలో లేకుండా తెరవకు. బియ్యం బస్తా ఇచ్చి ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెడతానన్న దాతకు నమస్కారం పెట్టి పంపెయ్.

చికిత్స చేస్తామని బోర్డు రాయించకు, బయట తాళం వేయకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక ఇబ్బందుల్నీ లెక్కలోకి తీసుకుంటుంది, పునరావాసానికి ఉంచే చోటుకీ రిజిస్ట్రేషన్ అడుగుతుంది. తెరవకముందే లాయరుకు చూపించు.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఓనరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాచితే, ఏ భర్తో తాగొచ్చి గేటు దగ్గర గొడవ చేసిన మర్నాడే ఖాళీ చేయమంటాడు.

ఇట్లు,
పెద్దమ్మ