పని దొరకదని తెలిసీ బెంగుళూరుకు ఎందుకు?

ప్రశ్న: టమోటా ధర పడిపోతే చాలు, మా పల్లెల్లో వయసు పిల్లలంతా బెంగుళూరుకు బేల్దారి పనికి పోతారు. అక్కడా సగం రోజులు ఖాళీయేనంట. తెలిసీ ఎందుకు పోతారు? తిరుపతిలో బిల్డింగు పనులకేమో బీహార్, ఒడిశా వాళ్లు వస్తున్నారు. మన పని వాళ్లు లాక్కుంటున్నట్టేనా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పోయేవాడు చూసేది కూలి రేటు ఒక్కటే కాదండీ, ఎన్ని రోజులు పని దొరుకుతుందన్న అంచనా కూడా. ఉదాహరణకు ఊళ్లో రోజుకు 450 రూపాయల చొప్పున నెలలో పది రోజులు పని దొరికి, తిండికి 1,500 పోతే మిగిలేది 3,000. బెంగుళూరులో కూలి 800 అనుకుందాం. గది వాటా 2,000, తిండి 4,500, బస్సు 600, అంతా 7,100. పన్నెండు రోజులే దొరికితే చేతికొచ్చేది 2,500. కనీసం 13 రోజులు పని ఉంటేనే పోయినందుకు గిట్టుబాటు. 20 రోజులైతే 8,900. ఆ ఆశతోనే బస్సెక్కుతారు.

1970లో హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు చెప్పింది ఇదే. నగరంలో వంద కొత్త పనులు పుడితే అంతకంటే ఎక్కువమంది వచ్చిపడవచ్చు, అక్కడ ఖాళీగా ఉండేవాళ్లు పెరగవచ్చు.

దీనికి ఇంకో వైపు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. టమోటా కాయ కోసేవాళ్లు దొరక్క విసిగిపోయిన రైతు ఆ చేలో మామిడి పెట్టేస్తాడు. నాట్లు, కట్టెలు పాతడం, కోతలు అన్నీ పోయి, కొన్ని వారాల కాయకోత మిగులుతుంది. వలస పోయినవాడు తిరిగొచ్చేసరికి ఊళ్లో పని ఇంకా తగ్గి ఉంటుంది.

బయటి రాష్ట్రాలవాళ్లను తప్పు పట్టొద్దు. వాళ్లను మేస్త్రీలు గుంపుగా తెచ్చి సైటులోనే ఉంచుతారు. పండగకో పంటకో మధ్యలో ఇంటికి పోలేరు. కాంట్రాక్టరుకు కావలసింది అదే. పైగా మనవాళ్లలో పని బాగా వచ్చినవాళ్లు ఎక్కువ కూలి కోసం బెంగుళూరులో ఉన్నారు.

పోయే ముందు ఆధార్‌కు ఇప్పుడు వాడే ఫోను నంబరే ఉందో లేదో చూసుకోండి. సిమెంటుకు వేలిముద్రలు అరిగిపోతే మిషను తీసుకోదు, అప్పుడు ఫోనుకొచ్చే ఓటీపీ అక్కరకొస్తుంది. ఆధార్‌తో కలిపిన రేషన్ కార్డుంటే కేంద్రమిచ్చే బియ్యంలో కొంత అక్కడ, మిగతాది ఇంటివాళ్లు ఇక్కడ తీసుకోవచ్చు. పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లు, వయసు 16–59 మధ్య ఉంటే, ఈ–శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన నమోదు) చేరాలి. భవన కార్మికుల బోర్డులో నమోదుకు 18 నుంచి 60 లోపు వయసు, గడిచిన 12 నెలల్లో 90 రోజుల పని ఉండాలి. ఏ రాష్ట్రం బోర్డు ఆ రాష్ట్రానిదే. ఆ 90 రోజుల పని చూపించుకోవడానికి తేదీ, సైటు, మేస్త్రీ నంబరు, ఇచ్చిన కూలి ఒక నోటుబుక్కులో ఏ రోజుకారోజు రాసుకోండి. కూలి ఎగ్గొట్టినప్పుడు చూపించడానికీ అదే పనికొస్తుంది.