"పెద్దయితే అదే వస్తది" అని ఆగకండి

ఈసారి సద్దుల బతుకమ్మకు హన్మకొండ వచ్చాను. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మను వేసి ఇంటికి వచ్చేసరికి వాడకట్టులోని నాలుగిళ్ల వాళ్లు మా అరుగు మీద కూర్చున్నారు. అందరి పిల్లలూ అమెరికాలో ఉన్నవాళ్లో, పోబోయేవాళ్లో. డల్లాస్ దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉంటూ ఇద్దరిని పెంచాను కాబట్టి అక్కడ పిల్లలను పెంచే సంగతులు నన్ను అడిగారు. ఆ రాత్రి చెప్పినవి, అప్పుడు గుర్తుకు రానివి కలిపి రాస్తున్నాను.

మన దగ్గర పిల్లలకు నడక ఆలస్యమైనా, మాట ఆలస్యమైనా పెద్దవాళ్లు "పెద్దయితే అదే వస్తది తియ్ బిడ్డా" అంటారు. ఆ మాటలో ధైర్యం ఉంది. పది చేతులు ఎత్తుకునే వాడలో అది చాలాసార్లు చెల్లింది కూడా. అమెరికాలో మాత్రం పిల్లలకు దొరికే సాయం దాదాపు అంతా వయసు లెక్కన ఉంటుంది. గడువు దాటాక తెలుసుకుంటే బాధే మిగులుతుంది.

మొదట అడిగింది కూతురికి పురుడు పోయడానికి న్యూజెర్సీ పోతున్న వదిన. విజిటర్ వీసా మీద సాధారణంగా 6 నెలలు ఉండనిస్తారు. కానీ ఎంతవరకు ఉండవచ్చో తేల్చేది వీసా మీది తేదీ కాదు, దిగినప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే తేదీ. అది చూసుకోండి. వదిన సూట్‌కేసులో తేనె, కాటుక, సాంబ్రాణి సర్దుకుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించవద్దు. దానివల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు చేటు. సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో పొగ అలారం కూడా మోగుతుంది. బిడ్డను వెల్లకిలా, విడిగా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టమని అక్కడి డాక్టర్లు చెబుతారు. అమ్మమ్మలకు ఇది మనసొప్పదు, నాకు తెలుసు. అయినా వినండి. నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించండి, జోల పాడండి. బాలింతను రాత్రి నాలుగు గంటలైనా నిద్రపోనివ్వండి. ఆమెకు అన్నిటికన్నా కావలసింది అదే.

కారు సీటు ప్రసవానికి ముందే బిగించి ఉంచాలి, ఇంటికి తీసుకుపోయేటప్పుడు ఆసుపత్రిలో అడుగుతారు. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా కంపెనీ ఇన్సూరెన్స్‌లో పేరు చేర్పించాలి. తొట్టెల వేడుక అయ్యాక చూద్దామని ఆగితే ఆ 30 రోజులు తెలియకుండానే గడిచిపోతాయి.

ఇక నా మనసులో ఎక్కువ రోజులు ఉన్న విషయం. మా పెద్దోడికి రెండున్నరేళ్లు వచ్చినా "అమ్మ", "పాలు" తప్ప మాట రాలేదు. ఫోన్‌లో మా అత్తమ్మ "మీ ఆయన నాలుగేళ్లకు మాట్లాడిండు, ఏం గాదు" అనేది. నాకూ ఆ మాటే కావాలనిపించింది, నమ్మాను. మూడేళ్లలోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ అని, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు సాయం చేసే ఏర్పాటు ఉందని, పరీక్ష ఉచితంగా చేస్తారని, డాక్టర్ చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయవచ్చని నాకు అప్పుడు తెలియదు. తెలిసేసరికి వాడికి మూడు నిండాయి. మూడు దాటితే మన ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) కిందికి వస్తుందో వాళ్లే చూస్తారు. అదీ ఉచితమే, వీసాతో సంబంధం లేదు. కానీ ఇంటికే వచ్చి నేర్పే ఆ తొలి నెలలు మాకు పోయాయి.

దాని మీద మరో తప్పు. ఒకరు "రెండు భాషల వల్లే తికమక, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. భయంలో అలాగే చేశాం. నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను వాడితో ఆఫీసు మాటలే మాట్లాడగలిగాను. "పో", "రా", "తిను" తప్ప ముద్దు మాట ఒక్కటి రాలేదు. మా బాపు ఫోన్ చేస్తే వాడు తెర వైపు కూడా చూసేవాడు కాదు. ఎనిమిది నెలల తర్వాత స్కూల్ తరఫున వచ్చిన స్పీచ్ థెరపిస్ట్ "మీకు ఏ భాషలో ప్రేమగా మాట్లాడటం వస్తుందో ఆ భాషలో మాట్లాడండి" అంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని వివరంగా చెప్పింది. ఆ రాత్రి వాడిని ఒళ్లో వేసుకుని "దా నాన్నా, బువ్వ తిందాం" అన్నాను. వాడు నా నోటి మీద వేలు పెట్టి "బువ్వ" అన్నాడు. ఇప్పుడు పందొమ్మిదేళ్లవాడు. నిన్ననే ఫోన్ చేసి సకినాలు ఎప్పుడు తెస్తావని తెలుగులోనే అడిగాడు. కాబట్టి మాట ఆలస్యమని అనుమానం వస్తే ఆ వారమే ఫోన్ చేయండి. తెలుగు మాత్రం ఆపకండి.

నాలుగేళ్ల పిల్లతో వచ్చే నెల పోతున్న వాళ్లకు చెప్పినవి. జనన ధ్రువపత్రంలో పిల్ల పేరు ఎక్కిందో లేదో చూసుకోండి, చాలా వాటిలో అది ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ నింపి ఉండాలి. పేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద "ఎఫ్‌ఎన్‌యూ" (పేరు తెలియదని అర్థం) అని పడుతుంది, స్కూల్లో అదే పేరైపోతుంది. టీకాల కార్డు మీద ప్రతి తేదీ, ఆసుపత్రి ముద్ర ఉండాలి. అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్ టీకా మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, అక్కడి స్కూళ్లు అడుగుతాయి. మనకు పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే టీబీ పరీక్షలో పాజిటివ్ రావచ్చు, రక్తపరీక్ష చేయమని అడగండి. ఇంకొకటి, కొట్టవద్దు. పిల్ల ఒంటి మీద వాత కనిపిస్తే టీచర్ రిపోర్టు చేసి తీరాలి, అది చట్టం. చట్టం లేకపోయినా కొట్టవద్దనే నేను చెబుతాను.

అందరూ లేచి వెళ్లాక మా పక్కింటి అన్న మాత్రం ఆగాడు. తమ్ముడి కూతురికి పదిహేడేళ్లు, నాలుగో ఏట అమెరికా పోయింది, ఇంకా హెచ్-4 మీదే, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా మీదే ఉంది. గ్రీన్‌కార్డు వరుసలో మనవాళ్లకు ఏళ్లకు ఏళ్లు పడుతుంది. 21 నిండితే ఆ వీసా చెల్లదు, స్టూడెంట్ వీసా ఎఫ్-1కు మారాలి, లేదంటే వేరే దారి చూసుకోవాలి. ఎఫ్-1కు మారితే ఫీజు, ఉద్యోగం అన్నీ మారిపోతాయి. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వ ఫీజు సాయం కూడా దొరకదు. కొందరికి గ్రీన్‌కార్డు పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసేసే చట్టం ఉపయోగపడుతుంది, ఆ లెక్క లాయరుతో ఇప్పుడే వేయించండి. నాకు తెలిసిన కరీంనగర్ వాళ్లు ఈ సంగతి కూతురికి ఇరవయ్యో ఏట చెప్పారు. ఆ పిల్ల "నన్ను ఇన్నేళ్లు ఇక్కడిదాన్ననే అనుకోనిచ్చారు" అని వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పదిహేడేళ్ల పిల్ల అర్థం చేసుకోగలదు. కూర్చోబెట్టి చెప్పండి.

18 నిండిన రోజు నుంచి వాళ్ల ఆరోగ్యం గురించి ఆసుపత్రి మీతో మాట్లాడటానికి వాళ్ల అనుమతి అడుగుతుంది. కాలేజీ మార్కులకూ అంతే. హాస్టల్‌కు పంపే ముందు మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ (వాళ్ల వైద్యం గురించి మీరు నిర్ణయించడానికి అధికారమిచ్చే పత్రం) మీద సంతకం చేయించి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. 26 దాకా మీ ఇన్సూరెన్స్‌లో ఉండవచ్చు. మనసు బాగాలేక రాత్రిపూట ఒంటరిగా ఉంటే మనసు కష్టంలో సాయం చేసే 988 నంబరుకు ఫోన్ చేయవచ్చని ముందే చెప్పి ఉంచండి, దానికి ఇన్సూరెన్స్ అక్కర్లేదు, డబ్బు అడగరు.

ఆ అన్న ఇవన్నీ కరెంటు బిల్లు వెనక రాసుకున్నాడు. డల్లాస్ వెళ్లాక తమ్ముడి భార్యతో నేనే మాట్లాడతానని చెప్పి నంబరు తీసుకున్నాను.