గోడ దూకే ముందు అతన్ని ఒక్క క్షణం ఆగనివ్వు

అమ్మా,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి ఒక్క బిగిన, రెండోసారి పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని. ఆటోనగర్ సీన్లు చాలా బాగా వచ్చాయి, ఆ గ్రీజు వాసన ఇక్కడిదాకా కొట్టింది. రిటైరైన లారీ డ్రైవరు, అరవై రెండేళ్లు, చెట్టంత కొడుకు పోయాడు, చేతిలో మనవరాలు మిగిలింది. ఇలాంటి మనిషిని హీరోగా పెట్టి యాక్షన్ సినిమా రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. కానీ పద్నాలుగో సీను దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. నీ డ్రైవరు ఎనిమిది అడుగుల గోడ ఒక్క ఊపున దూకి, గాల్లోనే ఇద్దర్ని తన్ని, కిందికి దిగి, చొక్కా దులుపుకుని డైలాగ్ చెప్పాడు. పదమూడు సీన్ల పాటు నేను చూసిన మనిషి అక్కడ మాయమయ్యాడు. ఎవరో పాతికేళ్ల కుర్రాడు వచ్చి అతని చొక్కా తొడుక్కున్నట్టు ఉంది.

"వయసైన హీరోకి ఫైట్లు ఎలా రాయాలి అంకుల్, ఫ్యాన్స్ ఒప్పుకోవాలి కదా?" అని అడిగావు. ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

నేను అసిస్టెంట్ రైటర్‌గా ఉన్న రోజుల్లో చూసింది ఒకటి చెప్తాను. అప్పటికే యాభై దాటిన ఒక పెద్ద హీరో సినిమా. క్లైమాక్స్ ఫైట్, వరసగా నాలుగో రోజు. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆయన కుర్చీలో కూర్చుని కుడి మోకాలి మీద ఐస్ ప్యాక్ పెట్టించుకునేవారు. నాలుగు గజాల అవతల ఆయన డూపు, అదే చొక్కా, అదే విగ్గు, నేల మీద చతికిలబడి టీ తాగుతున్నాడు. షాట్ రెడీ అని పిలుపొచ్చింది. హీరోగారు ముందు ఐస్ ప్యాక్ తీసి కుర్రాడికిచ్చారు. తర్వాత రెండు చేతులూ కుర్చీ పట్టీల మీద ఆనించి, ముందుకు వంగి, ఒక ఊపిరి తీసుకుని, ఎడమ కాలి మీద బరువేసి లేచారు. కెమెరా దాకా ఉన్న పది అడుగులూ కొంచెం కుంటుతూనే నడిచారు. "యాక్షన్" అన్న మాట వినపడగానే ఆ కుంటు ఏమైందో తెలీదు, వీపు నిటారైంది, కళ్లు మారిపోయాయి. నాకు ఒళ్లు జలదరించింది. ఆ రోజు తీసిన ఫైటంతటిలో అంత గొప్ప షాట్ లేదు. కానీ దాన్ని కెమెరాతో ఎవరూ తియ్యలేదు.

ఆ రాత్రే కూర్చుని, హీరో అలా కుర్చీలోంచి లేచే చిన్న సీన్ రాశాను. క్లైమాక్స్‌కి ముందు పెడదామని పొద్దున్నే తీసుకెళ్లి ఇచ్చాను. నిర్మాత చదివి, "హీరోకి మోకాళ్ల నొప్పులేంటయ్యా, జనం లేచి వెళ్లిపోతారు" అని కాగితం వెనక్కిచ్చేశారు. ఆయనకి కథ చెప్పి ఒప్పించే ధైర్యం నాకు అప్పట్లో లేదు. ఆ సీను పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. నువ్వు అలా వెనక్కి తీసుకోకూడదనే ఇదంతా.

మన సినిమాకి వయసు కొత్త సమస్య కాదు. ఎన్టీఆర్ నలభై నిండకముందే, 1962లో, భీష్ముడి వేషం వేశారు. 1972లో 'బడిపంతులు'లో ముసలి మాస్టారు. అప్పుడాయనకి మనవరాలిగా వేసిన చిన్నపిల్ల శ్రీదేవే, 1979లో 'వేటగాడు'లో ఆయన పక్కన హీరోయిన్. అప్పటికి ఆయనకి యాభై ఆరు. ఇప్పటి పిల్లలు ఇది చెప్పుకుని నవ్వుతారు. నువ్వు నవ్వకు, రచయితగా చూడు. ముసలివాడిగా నటించడం ఆయనకి వేషం, కుర్రవాడిగా నటించడమూ వేషమే. జనం రెండిటికీ ఒప్పుకున్నారు. ఆ వెంటనే వచ్చిన 'సర్దార్ పాపారాయుడు', 'కొండవీటి సింహం' చూడు. రెండిట్లోనూ డబుల్ రోల్, తండ్రీ కొడుకూ ఆయనే. పాటలూ పరుగులూ కొడుక్కి, బరువూ మాటా తండ్రికి. డబుల్ రోల్ అంటే ఫ్యాన్స్‌కి డబుల్ ధమాకా అనే అనుకుంటారందరూ. నాకు మాత్రం అది ఒక నటుడి వయసుని రెండు ముక్కలు చేసి, రెండిటికీ పని చూపించిన ఉపాయం అనిపిస్తుంది. అది పాతబడలేదు కూడా. 2023 సంక్రాంతికి బాలకృష్ణ సినిమాలోనూ తండ్రీ కొడుకూ ఆయనే.

ఇంకో ఉపాయం ఫ్లాష్‌బ్యాక్. ఎక్కడో దూరంగా, తల వంచుకుని మామూలు మనిషిలా బతికే హీరో, ఇంటర్వెల్ దగ్గర బయటపడే గతం. 'బాషా'తో, తర్వాత 1999లో 'సమరసింహారెడ్డి'తో ఈ అచ్చు మనకి బాగా అలవాటైంది. అప్పట్లో అది నలభై లోపు, నలభై పైన ఉన్న హీరోలకి రాసింది. కానీ నిజానికి పెద్దవయసు హీరోకే అది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే గతం ఉండాల్సింది అతనికే. అలాంటి కథలో హీరో ఒళ్లు కదలక్కర్లేదు, ఎదుటివాడి ముఖంలో రంగు మారితే చాలు. 2023లో 'జైలర్' వచ్చేనాటికి రజనీకాంత్‌కి డెబ్బై రెండు. రిటైరైన జైలరు, ఇంట్లో మనవడితో ఆడుకునే తాత. రౌడీలు ఇంటిమీదికొస్తే ఆయన కూర్చున్నచోటి నుంచి లేవడు. చుట్టూ కాపేసిన స్నైపర్లు వాళ్లని పడగొడతారు. ఆయన కదలకపోవడమే అక్కడ ఫైట్. అంతకు ముందు ఏడాది 'విక్రమ్'లో కమల్ హాసన్ పాత్ర అసలు ఉగ్రరూపం ఇంటర్వెల్ దాకా దాచారు. అరవై ఏడేళ్ల మనిషి బలాన్ని సినిమా అంతటికీ పలచగా పులమకుండా, కావాల్సిన చోట ఒక్కసారే ఖర్చుపెట్టారు.

అయితే ఇవన్నీ ఉపాయాలే. నీ డ్రైవర్‌కి ఉపాయం ఒక్కటే చాలదు.

హాలీవుడ్ హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ తనే తీసి నటించిన 'అన్‌ఫర్గివెన్' ఎలాగైనా సంపాదించి చూడు. ఆ స్క్రిప్టు చేతికొచ్చాక ఆయన వెంటనే తియ్యలేదు, ఆ పాత్రకి తగ్గ వయసు వచ్చేదాకా ఏళ్లతరబడి దాచిపెట్టుకున్నారు. 1992లో తెర మీదికొచ్చేసరికి ఆయనకి అరవై రెండు, అచ్చంగా నీ డ్రైవర్ వయసు. ఒకప్పుడు పేరు చెబితే జనం వణికిన తుపాకీ వీరుడు, ఇప్పుడు పందులు పెంచుకుంటున్నాడు. పాత పిస్తోలు తీసి రేకు డబ్బాని గురిచూసి కొడతాడు. తగలదు. మళ్లీ కొడతాడు, తగలదు. పిల్లలు చూస్తుంటారు. చివరికి ఇంట్లోకెళ్లి పెద్ద తుపాకీ తెచ్చి పేలుస్తాడు. తర్వాత గుర్రం ఎక్కబోతే అదీ లొంగదు, కిందపడతాడు. ఇన్నిసార్లు గురి తప్పినవాడు చివర్లో తుపాకీ ఎత్తితే మనకి ఎంత భయమేస్తుందో చూడు. మొదట్లోనే డబ్బా ఎగిరిపోయి ఉంటే ఆ భయం పుట్టేది కాదు.

స్టాలోన్ 2006లో 'రాకీ బాల్బోవా' కోసం తన పాత బాక్సర్ పాత్రని తనే మళ్లీ రాసుకున్నారు, అరవయ్యేళ్లప్పుడు. అందులో ట్రైనర్ ముందు ఏమేం కుదరవో చెప్తాడు. మెడలో కీళ్లవాతం, కీళ్లలో కాల్షియం పేరుకుంది, కాబట్టి పాతపద్ధతి ప్రాక్టీసు లేదు, వేగం రాదు. మిగిలిందల్లా దెబ్బ బరువు, కాబట్టి దానిమీదే పనిచేద్దాం అంటాడు. ఆ సీన్ నాకు పాఠం లాంటిది. ఒంట్లో ఏం పోయిందో ముందు లెక్క రాశారు. మిగిలినదాంతో ఫైట్ కట్టారు. నేను నీకు చెప్పదల్చుకున్నది దాదాపు ఇంతే.

టామ్ క్రూజ్ దారి వేరు. 2017లో లండన్‌లో 'మిషన్ ఇంపాజిబుల్' షూటింగులో ఒక మేడ మీంచి ఇంకో మేడకి దూకుతూ చీలమండ విరగ్గొట్టుకున్నారు, యాభై ఐదేళ్లకి. గోడకి కాలు తగిలిన ఆ షాటే సినిమాలోనూ ఉంది. ఆ పట్టుదల అంటే నాకు నిజంగా గౌరవం. కానీ అది నటుడు తన ఒంటితో తనే తీసుకున్న నిర్ణయం. నువ్వు కాగితం మీద "గాల్లోకి ఎగిరి" అని రాస్తే, దాన్ని ఎవరో ఒకరు ఒంటితో మొయ్యాలి. నేను చెప్పానే, నేల మీద కూర్చుని టీ తాగుతున్నవాడు, అతను. రోప్ కట్టుకుని పైకి లేచేది, మ్యాట్ మీద పడేది, ఒక్కోసారి మ్యాట్ పక్కన పడేది అతనే. అవసరం లేని ఎగురుడు ఒక్కటి కూడా రాయకు.

కంప్యూటర్‌తో వయసు తగ్గించేస్తారు కదా అంటావేమో. 2023లో ఎనభై ఏళ్ల హారిసన్ ఫోర్డ్‌ని ఇండియానా జోన్స్ కొత్త సినిమా మొదట్లో అలా కుర్రవాణ్ణి చేశారు. ముఖం కుదిరింది. మాట్లాడితే మాత్రం గొంతు పెద్దాయనదే, నాకు ఆ ముఖం మీద నమ్మకం అక్కడే సడలింది.

ఫ్యాన్స్ ఒప్పుకుంటారా అన్నావు. చిరంజీవి 2007 తర్వాత పదేళ్లకి, 2017 సంక్రాంతికి, మళ్లీ హీరోగా వచ్చినప్పుడు నేను మామూలు థియేటర్లో, మధ్యతరగతి కుటుంబాల మధ్య కూర్చుని చూశాను. ఆయనకి అరవై ఒకటి. పాట మొదలవగానే నా పక్కాయన, ఆయనకీ యాభై ఉంటాయి, కుర్చీ అంచుకి జరిగి కళ్లు ఆర్పకుండా కాళ్లకేసే చూశాడు. స్టెప్పు పడగానే ఈల వేశాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. వయసు దాచి ఉంటే ఆయనకి ఆ కన్నీళ్లు వచ్చేవి కావమ్మా. అరవై ఒకటి అని తెలుసు కాబట్టే వచ్చాయి. 'భగవంత్ కేసరి'లో బాలకృష్ణ కుర్ర హీరోయిన్‌తో డ్యూయెట్లు పాడలేదు, ఆ పిల్లకి తండ్రిలాంటివాడిగా నిలబడి ఆమెని గట్టిదాన్ని చేశాడు, చివరి పోరాటంలో ఆమెకీ వాటా ఇచ్చాడు. జనం చూశారు, జాతీయ అవార్డూ వచ్చింది. ఫ్యాన్స్‌ని మనం తక్కువ అంచనా వేస్తాం.

ఇప్పుడు నీ డ్రైవర్ దగ్గరికి వద్దాం. అసలు సంగతి ఇక్కడే ఉంది.

నలభయ్యేళ్లు లారీ తోలినవాడి ఒళ్లు ఎలా ఉంటుందో నీకు నాకంటే బాగా తెలియాలి, మీ బాబాయి అదే పని కదా. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయి ఉంటుంది. నడుం పట్టేస్తుంది. కుడి చెయ్యి కిటికీ మీద ఆనించి నడిపినవాడు కాబట్టి ఆ చెయ్యి ఎడమదానికంటే నల్లగా ఉంటుంది. రాత్రి దూరం చూపు తగ్గి ఉంటుంది. మరి మిగిలిందేంటి? పట్టు. స్టీరింగ్ తిప్పిన, టార్పాలిన్ తాళ్లు బిగించిన చేతులవి. అతను ఒకసారి మణికట్టు పట్టుకున్నాడంటే విడిపించుకోవడం కుర్రాళ్ల తరం కాదు. ఇంకా ఏం మిగిలింది? లారీల మధ్య ఏ సందు ఎంత వెడల్పో కళ్లు మూసుకుని చెప్పగల తెలివి. వీల్ స్పానర్ ఎక్కడుందో, జాకీ రాడ్ ఏ సీటు వెనక పెట్టాడో తెలియడం.

అంటే ఆ సీన్లో అతను గోడ దూకడు. ఆరుగురు రౌడీలు మీదికి వస్తుంటే రెండు లారీల మధ్య సందులోకి వెనక్కి నడుస్తాడు, ఒక్కొక్కడే రావాల్సినంత ఇరుకులోకి. పారిపోతున్నాడని వాళ్లు అనుకోవాలి, మనమూ అనుకోవాలి. ఎడమ కాలు కదపకుండా టైరుకి ఆనుకుని నిలబడతాడు. మొదటివాడి చెయ్యి దొరకబుచ్చుకుంటాడు. ఇక వదలడు. రెండోవాణ్ణి కొట్టేటప్పుడూ మొదటివాడి చెయ్యి అతని గుప్పిట్లోనే ఉంటుంది. ఒక దెబ్బ అతనికీ తగలాలి, గట్టిగా తగలాలి. అంతా అయ్యాక డైలాగ్ వద్దు. ఊపిరి అందదు అతనికి. లారీ మెట్టు మీద కూర్చుని, మనవరాలు నీళ్లసీసా తెస్తే మూత తిప్పలేక ఆ పిల్లకే ఇచ్చి తియ్యమంటాడు. అంతసేపు విడవని ఆ చేతులు అప్పుడు వణకాలి. ఇది రాసి చూడు, హీరోని పైకెత్తి చూపించే నీ ఎలివేషన్ అక్కడ దొరుకుతుంది.

ఇంకొకటి. నీ కథలో డ్రైవర్ భార్య ఫోటోకే పరిమితమైంది. దండ వేసిన ఫోటో. ఆవిణ్ణి ఎందుకు చంపేశావు? 1990లో 'కర్తవ్యం'లో పోలీసు అధికారిగా చేసి విజయశాంతి జాతీయ ఉత్తమనటి అయింది. 2025లో మళ్లీ యూనిఫాం వేసుకుంది, కానీ కథలో హీరో తల్లిగా. అరవై దాటిన హీరోలకి మనం ఇన్ని ఉపాయాలు వెతికాం, ఆవిడ తరానికి ఒక్కటీ వెతకలేదు. మలేషియా నటి మిషెల్ యో లాండ్రీ షాపు నడిపే నడివయసు ఇల్లాలిగా ఫైట్లు చేసి అరవయ్యేళ్లకి ఆస్కార్ తీసుకుంది. నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఆ బాధ్యత నీదే అనను, ఇది నా తరం చెయ్యని పని. కానీ ఆ ఫోటోలోంచి ఆవిణ్ణి దింపగలవేమో ఆలోచించు.

కథ చెప్పడానికి వెళ్లినప్పుడు మేనేజర్లు మొదట అడిగేది "సార్‌ని ఎంత వయసులో చూపిస్తున్నారు?" అని. అంకె చెప్పకు. చెప్పగానే ముఖాలు మారతాయి. నేరుగా ఆ లారీల సందు సీను చెప్పు, చేతులతో చేసి చూపిస్తూ చెప్పు. నీళ్లసీసా దాకా వచ్చి ఆగు. ఆ గదిలో హీరోగారే ఉంటే ఆయన తన చేతులకేసి చూసుకుంటారు. చూసుకోకపోతే వేరే హీరో దగ్గరికి వెళ్దువుగాని.

పద్నాలుగో సీను మళ్లీ రాసి పంపు. మిగతావి ఇప్పుడు ముట్టుకోకు. రాసే ముందు ఒక పూట మీ బాబాయితో ఆటోనగర్ వెళ్లి, ఆయన క్యాబిన్లోకి ఎలా ఎక్కుతున్నాడో, ముందు ఏ చెయ్యి పడుతుందో, ఏ కాలు వేస్తాడో చూసి రా. ఆదివారం పదకొండు తర్వాత ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అంకుల్