జీడీపీ లెక్కలు తప్పుతున్నాయని ఎకనామిక్స్ వదిలేయాలా?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎకనామిక్స్ ఇష్టమే కానీ మ్యాక్రోలో జీడీపీ, ధరల సూచీ లెక్కలు ఎక్కువగా తప్పుతున్నాయి. లెక్కలు రానప్పుడు సబ్జెక్టు మార్చుకోమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఈ లెక్కల్లో ఉన్నదల్లా కూడికలు, గుణకారాలు, భాగహారాలే. చాలామంది తప్పటడుగు వేసేది అంతకు ముందే, ఏ ఏడాది ధర, ఏ ఏడాది పరిమాణం తీసుకోవాలో తేల్చుకునే దగ్గర.

పుస్తకాలు, పెన్నులు మాత్రమే తయారయ్యే దేశం అనుకోండి. ఆధార సంవత్సరంలో, అంటే పోలికకు మొదలుగా తీసుకున్న ఏడాదిలో, పుస్తకం ధర 20, తయారైనవి 10. పెన్ను ధర 2, తయారైనవి 50. మొత్తం విలువ, అంటే జీడీపీ, 300. మరుసటి ఏడాది పుస్తకం ధర 25, తయారైనవి 12. పెన్ను ధర 4, తయారైనవి 40. ఆ ఏడాది ధరలతోనే లెక్కిస్తే జీడీపీ 460. ఇది నామినల్. ధరలను పాతవే ఉంచి పరిమాణాలు కొత్తవి తీసుకుంటే 320. ఇది రియల్. 460ని 320తో భాగించి 100తో గుణిస్తే డిఫ్లేటర్, అంటే జీడీపీలోని సరుకుల ధరలు ఎంత మారాయో చూపే సూచీ, 143.75 వస్తుంది.

వినియోగదారుల ధరల సూచీకి దీన్ని తిరగేయాలి. పరిమాణాలు పాతవి, ధరలు కొత్తవి. జనం కొనే బుట్ట కూడా 10 పుస్తకాలు, 50 పెన్నులే అనుకుంటే దాని ఖర్చు 300 నుంచి 450కి చేరింది. సూచీ 150.

రెండూ ధరల కొలతలే, మరి ఒకటి 50 శాతం, ఇంకొకటి 43.75 శాతం పెరుగుదల చూపడం ఎందుకు? పెన్ను ధర రెట్టింపైంది, జనం పెన్నులు తగ్గించుకున్నారు. పాత బుట్టకు ఆ సంగతి తెలియదు. పాత బుట్టతో కట్టే సూచీని లాస్పేర్ సూచీ అనీ, మన డిఫ్లేటర్‌లా కొత్త పరిమాణాలతో కట్టేదాన్ని పాషే సూచీ అనీ అంటారు. ఈ రెంటి గుణోత్తర సగటు (రెంటినీ గుణించి తీసిన వర్గమూలం), సుమారు 146.8, ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరుతో ఉన్న సూచీ. నన్నడిగితే ఈ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాయగలిగినవాళ్లు ఎకనామిక్స్‌కు పనికొస్తారు.

మార్కులు పోయే చోటు మరొకటి ఉంది. నామినల్ పెరుగుదల 53.3 శాతం లోంచి డిఫ్లేటర్ పెరుగుదల 43.75 తీసేస్తే 9.6 వస్తుంది. అసలు రియల్ వృద్ధి మాత్రం 6.7 శాతమే. తీసివేత సూత్రం చిన్న మార్పులకే సరిపోతుంది, ఇంత పెద్దవాటికి భాగించాల్సిందే. అలాగే సూచీ 150 నుంచి 156కి వెళితే పెరిగింది 6 పాయింట్లు, కానీ 4 శాతం. ఇంకో తేడా: జనం కొనే దిగుమతి సరుకు వినియోగదారుల సూచీలోకి వస్తుంది, డిఫ్లేటర్‌లోకి రాదు. దేశంలోనే తయారైన ఫ్యాక్టరీ యంత్రాలు దీనికి తలకిందులు.

ఇక కెరీర్ సంగతి. గణాంక కార్యాలయాలు, కేంద్ర బ్యాంకులు, మార్కెట్ పరిశోధన సంస్థలు, జీతాల ఒప్పందాలను ధరల సూచీతో ముడిపెట్టే సంస్థలు, అన్నింట్లోనూ ఈ పని ఉంటుంది. వాటిలో ఫార్ములా కంప్యూటరే వేస్తుంది. బుట్టలో ఏం పెట్టాలి, నాణ్యత మారిన వస్తువు ధరను ఎలా పోల్చాలి అన్నవి మాత్రం మనిషి తేల్చాలి.

అయితే పీజీ దాకా వెళ్లాలంటే కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ తప్పవు. అందుకని ఈ సెమిస్టర్‌లోనే ఒక స్టాటిస్టిక్స్ పేపర్ తీసుకోండి. పైన చెప్పిన లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ఆధార సంవత్సరాన్ని రెండో ఏడాదికి మార్చి మళ్లీ కట్టండి. పరిమాణాలు అవే ఉన్నా రియల్ వృద్ధి శాతం మారుతుంది. ఎందుకు మారిందో వెతకడం మీకు ఆసక్తిగా అనిపిస్తే, ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు మార్కుల కంటే ముందు ఆ సంగతి చెప్పండి.